పథ్యము - వ్రతము

మన జైన గృహములలో వంటయిల్లు దేవాలయమునకు రెండవ వాకిలి వంటిది. ఏది తినవలెను, ఏది తినరాదు, ఎప్పుడు తినవలెను, ఎంత తినవలెను అను నాలుగు ప్రశ్నలకు పెద్దలు ఏనాడో సమాధానములు చెప్పి యున్నారు. భూమిలో ఊరు దుంపలు వద్దు. ప్రొద్దు గ్రుంకిన తరువాత భోజనము వద్దు. తేనె వద్దు. గ్రుడ్డు, మాంసముల తలపే వద్దు. ఈ కట్టుబాట్లతో తరములు గడచినవి. బళ్ళారిలో నున్నను, సోలాపురములో నున్నను, బరంపురములో నున్నను, చెన్నపట్టణములో నున్నను, యానాములో నున్నను, తెలుగు మాట్లాడు జైన కుటుంబమును దాని భోజనపు పళ్ళెమును బట్టి గుర్తింపవచ్చును.

ఇప్పుడు ఆ పళ్ళెము దగ్గరకు రెండు క్రొత్త మాటలు వచ్చి కూర్చున్నవి. ఒకటి డాక్టరుగారి మాట: "అన్నము, రొట్టె, తీపి బాగా తగ్గించండి." రెండవది ఇంటిలోని చిన్నవారి మాట: "పాలు కూడ హింసతో వచ్చుచున్నవే, మానుదాము." మొదటిది శరీరమును గూర్చినది, రెండవది ధర్మమును గూర్చినది. ఏ ఒక్కటి వచ్చినను సర్దుకొనవచ్చును. రెండును ఒకే ఇంటికి ఒకే ఏడాది వచ్చినప్పుడే చిక్కు. ఆ చిక్కు వంటకు సంబంధించినది మాత్రమే కాదు. మనిషి ఎవరి కొరకు ఏమి మానుకొనవలెను అను ప్రశ్న అందులో ఉన్నది.

బళ్ళారిలో ఒక బియ్యపు వర్తకుడు ఉన్నాడనుకొందము. వయస్సు యాబది దాటినది. ప్రొద్దుటినుండి కొట్టులో గద్దెమీద కూర్చుండుట, మధ్యాహ్నము మూడు మార్లు అన్నము వడ్డించుకొని తినుట, సాయంకాలము ప్రొద్దు గ్రుంకకముందే మరల భోజనము. ఒకనాడు రక్తపరీక్ష చేయించగా చక్కెర వ్యాధి బయటపడినది. డాక్టరు మాత్రలు వ్రాసి, "అన్నము పిడికెడు చాలును. దాని బదులు పన్నీరు, పెరుగు, గ్రుడ్లు, మొలకెత్తిన గింజలు తీసుకోండి" అన్నాడు. గ్రుడ్డు మాట డాక్టరే వెనుకకు తీసుకొన్నాడు. మొలకలు అనంతకాయములని ఆ ఇంటిలో తినరు. ఇక మిగిలినవి పన్నీరు, పెరుగు.

అదే ఇంటిలో కోడలు ఆరు మాసముల క్రితమే పాలు, పెరుగు, నేయి మానినది. ఆమె ఎవరినీ మానమని అడుగలేదు. అయితే వంట ఆమెదే. మామగారి కొరకు రోజూ పాలు విరుగగొట్టి పన్నీరు చేసిపెట్టుచున్నది. తన చేతితో చేసినది తాను తినదు. ఈ సంగతి ఆయనకు వారము దినముల తరువాత తెలిసినది. ఆనాడు ముద్ద నోటిదాక పోలేదు. "ఏమమ్మా, నీకు పాపమైనది నాకు పథ్యమెట్లయినది?" అని అడిగినాడు. "మీ ఆరోగ్యము ముఖ్యము గదా మామయ్యా" అని ఆమె అన్నది. ఇద్దరి మాటలోను తప్పు లేదు. అయినను ఇద్దరికిని మనశ్శాంతి లేదు.

ఈ ఇల్లు ఒక్కటే కాదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే ప్రకారము 2021 నాటికి మన దేశములో మధుమేహము గలవారు సుమారు 10.1 కోట్లమంది. ఆ వ్యాధి అంచున నున్నవారు మరియొక 13.6 కోట్లమంది. కూర్చుండి చేయు వ్యాపారము, బియ్యము గోధుమలమీద సాగు భోజనము, పండుగలకు నేతిమిఠాయి గల మన కుటుంబములు ఈ లెక్కకు వెలుపల ఉండునని ఎవరును అనుకొనరాదు.

మొదట శరీరము మాట చూతము. అన్నములోను రొట్టెలోను ఉన్న పిండిపదార్థము కడుపులో చక్కెరగా మారి రక్తములో చేరును. దానిని కణములలోనికి చేర్చునది ఇన్సులిన్ అను రసము. మధుమేహములో ఆ రసము చాలదు, లేక చాలినంత పనిచేయదు. కావున లోనికి వచ్చు సరుకు తగ్గించినచో గిడ్డంగిమీది భారము తగ్గునని వైద్యుల యోచన. నూరు గ్రాముల బియ్యములో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమే. రోజుకు మూడువందల గ్రాముల బియ్యము తిను వర్తకునికి అన్నము ద్వారానే 235 గ్రాముల వరకు చేరుచున్నదన్నమాట.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి 1958లో తెలుగుగడ్డకు తరలి వచ్చినది. ఆ సంస్థవారు 2024లో ప్రకటించిన ఆహారసూత్రములలో, మన దేశములో ధాన్యములనుండి వచ్చు శక్తి మొత్తములో 50 మొదలు 70 శాతము వరకు ఉన్నదనియు, అది 45 శాతమునకు మించకుండుట మంచిదనియు చెప్పినారు. ఇది రోగులకు మాత్రమే చెప్పిన మాట కాదు, అందరికిని చెప్పినది. కాబట్టి అన్నము తగ్గించుమనుట పరదేశపు వేలంవెర్రి అని త్రోసివేయుటకు వీలు లేదు.

అన్నము తగ్గించినచోట ఏమి పెట్టవలెను? శరీరమును నిలుపు పదార్థమునకు తెలుగు పుస్తకములలో మాంసకృత్తులు అని పేరు. ఆ మాట వినగానే మన ఇండ్లలో పెద్దవారు ఒక్క క్షణము ఉలికిపడుదురు. మాంసమును వృద్ధిచేయునవి అని దాని అర్థమే గాని, మాంసమునుండి వచ్చునవి అని కాదు. పప్పులో అవి పుష్కలముగా ఉన్నవి. ఇతర దేశములలో అన్నము మానువారు మాంసము, చేపలు, గ్రుడ్లు తిని కడుపు నింపుకొందురు. ఇక్కడి శాకాహారులు పన్నీరు, పెరుగులమీద ఆధారపడుదురు. ఆ రెండవ ఆధారమును కూడ తీసివేసినచో ఏమి మిగులును? కోడలి వ్రతము మామగారి పథ్యమును తాకినది ఇక్కడనే.

ఇప్పుడు పాల మాట. మన పెద్దలు పాలను హింసగా తలపలేదనుట నిజము. శ్వేతాంబర సంప్రదాయములో మహావీరస్వామి దీక్ష తరువాత తొలి పారణ పరమాన్నముతో జరిగినదని చెప్పుదురు. శ్రవణబెళగొళలో బాహుబలిస్వామికి పండ్రెండేండ్ల కొకసారి జరుగు మహామస్తకాభిషేకములో, కడపటిసారి 2018లోను, పాలు ధారగా పోసినారు. దూడ త్రాగగా మిగిలిన పాలు పిండుకొనుట, ముసలి ఆవును చివరివరకు మేపుట, మేపలేనివారి పశువులకొరకు వర్తకులు ధర్మాదాయము తీసి పింజరాపోళ్ళు నడపుట, ఇది పాతకాలపు ఏర్పాటు. ఆ ఏర్పాటులో పాలు తల్లి ఇచ్చిన మిగులు.

వర్తకుడు మిగులు అను మాటను నమ్ముటకు ముందు ఖాతా చూచును. అట్లే చూతము. 2019 నాటి పశుగణన ప్రకారము మన దేశములో ఆవులు, ఎద్దులు, దూడలు కలిసి సుమారు 19.25 కోట్లు. అందులో ఆడవి 14.51 కోట్లు. అనగా మగవి అయిదు కోట్లకు లోపు. సృష్టిలో కోడెదూడలును పెయ్యదూడలును ఇంచుమించు సరిసమానముగా పుట్టును. మరి ఖాతాలో ఒకవైపు ఇంత తక్కువ ఏల? తక్కినవి ఏమైనవి? ట్రాక్టరు వచ్చిన తరువాత ఎద్దుకు పని లేకపోయినది. పని లేని దూడకు పాలు పోయువారు లేరు. అది ఆకలితో పోయినదో, వీధిలో వదలబడినదో, సంతలో అమ్ముడుపోయి కత్తికి చేరినదో, ఏ దారిన పోయినను ఆ పద్దు మన పాలచెంబు ఖాతాలోనే పడవలెను. 1970లో మొదలైన క్షీరవిప్లవము దేశమును పాల ఉత్పత్తిలో ప్రపంచమున మొదటి స్థానమునకు తెచ్చినది. బీదరైతుల ఇండ్లలో దీపము వెలిగించినది. ఆ మేలు కాదనరానిది. కాని లాభము వ్రాసి నష్టము వ్రాయని చిట్టా నిజమైన చిట్టా కాదు.

కోడలి వాదమునకు బలము ఇదియే. ఆవు పంచేంద్రియ జీవి. పెసరగింజ ఏకేంద్రియ జీవి. హింస తప్పనప్పుడు తక్కువ ఇంద్రియములు గలదానియందు దానిని పరిమితము చేసికొనవలెనని మన శాస్త్రమే నేర్పినది. దుంపను పెరికినచో దానినాశ్రయించిన అనంత జీవులు నశించునని ఉల్లిగడ్డ మానినవారము, దూడ మాట వచ్చినప్పుడు కన్ను మూసికొనుట ఎట్లు? ఈ ప్రశ్న అడిగిన పిల్లలను పడమటి గాలి సోకినదని గద్దించుట తేలిక. వారు అడుగుచున్నది మన ప్రశ్నయే.

అయినను ఎదుటిపక్షము కూడ వినవలెను. అనేకాంతము నేర్చిన కులము మనది. రోగి శరీరము కూడ ఒక పంచేంద్రియ జీవిదే. దానిని నిర్లక్ష్యము చేసి కన్ను, మూత్రపిండము, కాలు పోగొట్టుకొని ఇంటివారి చేతులమీద పడుట అహింస కాదు. సామాయికమునకు కూర్చుండుటకు కూడ వీపు నిలువవలెను గదా. పాలు ఒకరికి భోగము, ఒకరికి ఆధారము. పసిబిడ్డకు, బాలింతకు, దంతములు లేని వృద్ధునికి చెప్పవలసిన మాట, మిఠాయి దుకాణములో నిలిచిన యువకునికి చెప్పవలసిన మాట ఒకటి కాదు.

ఇక్కడ పథ్యమునకును వ్రతమునకును గల భేదము చక్కగా తెలిసికొనవలెను. పథ్యము శరీరమును నిలుపుకొనుటకు చేయునది. వ్రతము ఆత్మను తేలిక చేసికొనుటకు చేయునది. పళ్ళెములో రెండును ఒకేతీరుగా కనిపించవచ్చును. డాక్టరు చెప్పగా అన్నము మానినవానికిని, ఊనోదరి వ్రతముగా అన్నము తగ్గించినవానికిని ముందున్నది ఒక్క పిడికెడే. మొదటివాడు ప్రాణభయముచేత మానినాడు. అది దానము కాదు, ఎన్నో ఏండ్లు శరీరమునుండి తీసికొన్న అప్పు తీర్చుట. అందులో నింద ఏమియు లేదు. కాని అప్పు తీర్చినవాడు దాతనని చెప్పుకొనరాదు.

మన తపస్సులలో ఆరు బాహ్యతపస్సులు గలవు. అనశనము, తక్కువ తినుట, వస్తువుల సంఖ్యను పరిమితము చేసికొనుట, రసపరిత్యాగము అనునవి నాలుగును నాలుకకు సంబంధించినవే. రసపరిత్యాగములో పాలు, పెరుగు, నేయి, నూనె, బెల్లము మొదలైనవి వదలుదురు. చైత్ర, ఆశ్వయుజ మాసములలో తొమ్మిది దినములు ఆయంబిల్ ఓళి చేయువారు పాలచుక్క ముట్టరు. కాబట్టి పాలు లేని భోజనము మనకు క్రొత్త కాదు. మన అవ్వలు ఏటేట చేసినదే. అయితే ఆయంబిల్ పళ్ళెము ధాన్యముమీదను పప్పుమీదను నిలిచినది. అన్నము తగ్గించి పాలు మానుట అను రెండును కలిసిన పళ్ళెము మాత్రము వారికి తెలియదు. మనమే వండుకొనవలెను.

అది సాధ్యమా అనినచో, మితముగా సాధ్యము. పిండిపదార్థము దాదాపు పూర్తిగా విడుచు పరదేశపు పద్ధతి మన కట్టుబాట్లలో పాలు కూడ లేకుండ ఇముడుట మిక్కిలి కష్టము. దానికొరకు ప్రయాసపడుటయు అవసరము లేదు. సగమునకు తగ్గించుట వీలగును. మన బియ్యపు వర్తకుడు రోజుకు అరవై గ్రాముల బియ్యము, నూరు గ్రాముల పప్పులు, యాబది గ్రాముల వేరుశనగపప్పు, కడుపునిండ కూరలు తినినచో మొత్తము పిండిపదార్థము 130 గ్రాముల ప్రాంతమున తేలును. పప్పులోను పిండి ఉన్నది, నూరు గ్రాములలో యాబదియైదు నుండి అరవై గ్రాముల వరకు. కాని దానితో పీచును, 22 నుండి 24 గ్రాముల మాంసకృత్తులును ఉండుటచేత అది మెల్లగా జీర్ణమగును. వేరుశనగలో నూటికి పాతిక గ్రాముల వరకు మాంసకృత్తులు గలవు. మన ప్రాంతపు ఉలవలు, అలసందలు, సెనగలు, పెసలు, నువ్వులు, కొబ్బరి, సోయాపాలతో చేసిన పన్నీరు, ఇవన్నియు అంగడిలో దొరకునవే. కాకర, బీర, సొర, పొట్ల, దొండ, బెండ, గోరుచిక్కుడు, మెంతికూర, తోటకూర మన వంటకు పరాయివి కావు.

ఇందులో మరియొక చిత్రము గలదు. పచ్చి పెరుగుతో పప్పుధాన్యము కలిపి తినరాదను ద్విదళ నియమము మన ఇండ్లలో అందరికి తెలిసినదే. నూనె రాని, రెండు బద్దలగు గింజలకే ఈ నియమము. వేరుశనగకు లేదు. అన్నము తగ్గి పప్పు పెరిగినకొలది పళ్ళెములో పెరుగుకు చోటు దానంతటదే తగ్గిపోవును. పప్పును నమ్ముకొన్నవానికి పెరుగుమీది మమకారము వదలుకొనుట మనము భయపడునంత కష్టము కాదని ఈ పాత నియమమే సూచించుచున్నది.

కష్టమైన దినములు లేకపోలేదు. అష్టమి, చతుర్దశులలోను, పర్యూషణములోను పచ్చికూరలు మానువారికి అన్నము, పాలు, కూర మూడును లేనప్పుడు మిగులునవి పప్పులు, ఎండు గింజలు మాత్రమే. ఆ దినములలో రోగి ఏది సడలించుకొనవలెనో ముందుగానే డాక్టరుతోను గురువుతోను మాట్లాడుకొనవలెను. పర్వదినము నడిమిని వెతుకుకొనరాదు.

పాలు పూర్తిగా మానువారు తప్పక తెలిసికొనవలసిన సంగతి ఒకటి గలదు. బి-12 అను విటమిను శాకములలోను పప్పులలోను లేదు. శాకాహారికి అది పాలనుండియే వచ్చును. అది లోపించినచో రక్తహీనత, కాళ్ళలో తిమ్మిరి, నరముల జబ్బు కలుగును. కావున పాలు మానినవారు డాక్టరు సలహాతో ఆ మాత్ర వేసికొనవలెను. గొట్టపు మాత్రల పైతొడుగు జంతువుల ఎముకలనుండి, చర్మమునుండి తీసిన జెలటిన్‌తో చేయుట కద్దు. కావున చీటి చదివి శాకాహారపు తొడుగు గలదానినో, బిళ్ళనో కొనవలెను.

ఇక వ్రతమునకు సడలింపు ఉండవచ్చునా? ఈ విషయమున మన గతమునుండి ఒక ఉదాహరణము గలదు. రాజచంద్రజీ కాఠియావాడులోని వవాణియాలో 1867లో పుట్టి, బొంబాయిలో రత్నవర్తకము చేసి, 1901లో స్వర్గస్థుడైన జైన జ్ఞాని. అంగడిలో కూర్చుండియే ఆత్మవిచారము చేసినవాడు. పాలు ఇంద్రియములను రేపునని గాంధీమహాత్ముడు మొదట విన్నది ఆయననుండియే. తరువాత కలకత్తాలో పాడిపశువులను పెట్టు బాధలను గూర్చి చదివి, 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఆశ్రమములో స్నేహితుడు కాలెన్‌బాక్‌తో కలిసి గాంధీజీ పాలు మానినాడు.

1918లో ఆయనకు గట్టి జబ్బు చేసినది. పాలు త్రాగనిదే శరీరము కోలుకొనదని డాక్టరు పట్టుపట్టినాడు. వ్రతమున్నదని గాంధీజీ చెప్పగా, ఆ వ్రతము ఆవు, గేదెలనుగూర్చి గదా, మేకపాలకు అభ్యంతరమేమని కస్తూరిబా అడిగినది. ఆయన ఒప్పుకొని మేకపాలు త్రాగి బ్రతికినాడు. కాని ఆత్మకథలో ఆయన తన్ను తాను సమర్థించుకొనలేదు. వ్రతము అక్షరము నిలిచినది, ప్రాణము పోయినదని ఒప్పుకొన్నాడు. బ్రతుకవలెనను కోరిక సత్యముకంటె బలముగా నిలిచినదని తెలిసి బాధపడినాడు.

ఈ కథనుండి కొందరు "అంతవానికే తప్పలేదు, మనమెంత" అను నీతి తీసికొందురు. అది సోమరి నీతి. తీసికొనవలసినది వేరు. గాంధీజీ వ్రతము పట్టినప్పుడు జబ్బు వచ్చినచో ఏమి చేయవలెనో చెప్పుకొనలేదు. కష్టము వచ్చిన తరువాత సందు వెతుకవలసి వచ్చినది. మన ప్రత్యాఖ్యాన పద్ధతి ఇంతకంటె వివేకము గలది. పచ్చక్ఖాణము పలుకునప్పుడే ఆగారములు, అనగా సడలింపులు, పేరుపెట్టి చెప్పుకొందురు. మరపుచేత నోట పడినది, అకస్మాత్తుగా జరిగినది, శరీరము తీవ్రముగా బాధపడునప్పుడు సమాధికొరకు తీసికొన్న ఔషధము, ఇట్టివి వ్రతభంగము కావని ముందే అనుకొందురు. వ్యాపారములో కూడ అంతే. సరుకు దారిలో తడిసినచో నష్టము ఎవరిదని ముందుగా వ్రాసికొన్న ఒప్పందము నిజాయితీ గలది. తడిసిన తరువాత వాదించునది తగవు.

ఈ వివేకము లేనిచో ప్రాణాపాయము కూడ గలదు. చౌవిహారము పట్టి ప్రొద్దు గ్రుంకినది మొదలు నీరు కూడ ముట్టనివారు మనలో ఎందరో. వారిలో మధుమేహమునకు ఇన్సులిన్ సూదిమందో, ఇన్సులిన్‌ను ఎక్కువగా పుట్టించు మాత్రలో వాడువారున్నారు. అట్టివారు అన్నము తగ్గించి మందు తగ్గించనిచో రాత్రివేళ రక్తములో చక్కెర పడిపోవచ్చును. చెమట పోసి, చేతులు వణకి, తెలివి తప్పవచ్చును. అప్పుడు పంచదార నీరు త్రాగించుట తప్ప దారి లేదు. "రాత్రివేళ చక్కెర పడిపోయినచో పంచదార నీరు త్రాగుదును" అను మాట వ్రతము పట్టునప్పుడే చెప్పుకొని, ఇంటివారికి వినిపింపవలెను. లేనిచో వ్రతభంగమగునని రోగి నోరు మూసికొనును. ఇంటివారు సంకోచింతురు. ఆ కొద్ది నిమిషములే చాలును. అన్నము తగ్గించుటకు ముందే డాక్టరుతో మాట్లాడి మందు మోతాదు సరిచేయించుకొనుట అందుచేతనే అత్యవసరము.

ఔషధము విషయమున మన ముందటి తరము ఎదుర్కొన్న సంకటము ఇంకను పెద్దది. 1921లో టొరాంటోలో ఇన్సులిన్ కనుగొనబడి, 1922 జనవరిలో మొదటిసారి రోగికి ఇయ్యబడినది. అంతకు పూర్వము వైద్యులు మధుమేహ రోగులను దాదాపు పస్తులుంచి, పిండిపదార్థములు మాన్పించి, కొంతకాలము బ్రతికించెడివారు. ఆ మందు 1980ల వరకు పశువుల, పందుల క్లోమమునుండి తీసినదే. 1982లో సూక్ష్మజీవుల సహాయముతో తయారుచేసిన మానవ ఇన్సులిన్ అమ్మకమునకు వచ్చిన తరువాతనే ఆ కష్టము తీరినది. మధ్య అరువదేండ్లు ఆ సూది వేయించుకొన్న జైనులు ధర్మము తప్పినవారా? కారు. సంతోషముతో కాక, వేరు దారి లేక, బాధపడుచు తీసికొన్నారు. ఆ బాధయే వారి ధర్మము. వేరు దారి దొరకిన దినమున పాత దారి విడుచుట దాని రెండవ సగము. పాల విషయమునను ఇదే కొలత వాడవలెను. దారి లేనివానిని నిందింపరాదు. దారి ఉన్నవాడు దారి లేదని చెప్పుకొనరాదు.

ఇంకొక మాట వర్తకులు చెవినిడవలెను. అన్నము మానుట, పాలు మానుట రెండును డబ్బుగలవారికి సులభము. పన్నీరు బదులు బాదము, పాల బదులు బాదముపాలు, బియ్యము బదులు పరదేశపు గింజలు తెప్పించుకొని, బస్తాలు మోయు హమాలీ నెలజీతమంత ఒక పళ్ళెముమీద పెట్టి, దానికి త్యాగమని పేరు పెట్టవచ్చును. త్యాగము భోగముకంటె ఎక్కువ ఖర్చయినప్పుడు ఖాతా మరల చూచుకొనవలెను. చౌకడిపో బియ్యమే ఆధారముగా బ్రతుకువాని ఎదుట అన్నమును విషమని మాట్లాడుట అహింస కాదు, సభ్యత కాదు. ఉలవలు, వేరుశనగలు, కొబ్బరి చాలినచోట బాదము వెదకకుండుట అపరిగ్రహము. ఒకడు తన భోగోపభోగ పరిమాణములో ఈ గింజలకును ఒక హద్దు వ్రాసికొనినచో పథ్యము వ్రతమగుటకు మొదటి మెట్టు ఎక్కినట్లే.

సంఘభోజనముల సంగతియు ఇక్కడనే చెప్పవలెను. స్వామివాత్సల్యములలో నేతిమిఠాయి పళ్ళెములో పెట్టి, వద్దన్నవానిని "ఒక్కటి తినండి, ఏమీ కాదు" అని బలవంతపెట్టుట మన ఆతిథ్యములో భాగమైనది. వద్దన్నవాడు మధుమేహముచేత అన్నాడో, దూడమీది కరుణచేత అన్నాడో అడుగనక్కరలేదు. నలుగురిలో కారణము చెప్పించుటయు ఒకవిధమైన హింసయే. ప్రతి భోజనములోను ఉడికించిన సెనగలో పెసలో ఒకటి, నెయ్యి, పెరుగు తగులని కూర ఒకటి వేరుగా నుంచి, వడ్డించువారు మరుమాట లేకుండ వడ్డించినచో ఖర్చు పెరుగదు. ఎందరికో మొగమాటము తప్పును.

బళ్ళారి ఇంటికి మరల పోదము. ఒక ఆదివారము మధ్యాహ్నము మామగారు కోడలిని, కొడుకును, ఇల్లాలిని కూర్చుండబెట్టి, అంగడిలో ఒప్పందము వ్రాసినట్లే మాట్లాడినాడనుకొందము. పన్నీరు మానినాడు. పాలు పోసిన టీ, మిఠాయి మానినాడు. ఇవి నాలుకకొరకే గదా అన్నాడు. అన్నము డాక్టరు చెప్పినంతే. పప్పు, గింజలు పెంచినాడు. తెలిసినవారి ఇంట పెరుగు ఆవునుండి, దూడకు విడిచిన తరువాత పిండిన పాలతో తోడుపెట్టిన చిన్న గిన్నెడు పెరుగు మాత్రము, పప్పు లేనివేళ, మూడు నెలల పరీక్ష వచ్చువరకు ఉంచుకొన్నాడు. చక్కెర అదుపులో నుండి, బలము తగ్గనిచో అదియు విడుతునన్నాడు. బలము తగ్గినచో విడువలేకపోతినని నోరార చెప్పుదునన్నాడు. "ఇది నా పథ్యము, వ్రతమని చెప్పుకొనను" అన్నాడు.

కోడలును తన ఆగారములు చెప్పినది. జబ్బు చేసినప్పుడో, కడుపుతో నున్నప్పుడో డాక్టరు తప్పదన్నచో మొండిపట్టు పట్టననియు, అంతవరకు మాత్ర మరువననియు. ఇల్లాలు అంతవరకు మాట్లాడక విని, ఆ పెరుగు ఇకమీదట తానే తోడుపెట్టుదునన్నది. మామగారి మధుమేహపు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడినచో బి-12 తగ్గునని డాక్టరు ఆయనకును అదే మాత్ర వ్రాసినాడు. ఇప్పుడు ఆ ఇంటి బీరువాలో ఒకే సీసానుండి ఇద్దరు మాత్ర వేసికొనుచున్నారు. ఒకరు పథ్యముచేత, ఒకరు వ్రతముచేత.

ఈ ఒప్పందము అందరికిని సరిపోవునని కాదు. ఇంకొక ఇంటిలో పాలు పూర్తిగా పోవచ్చును. వేరొక ఇంటిలో వృద్ధురాలికి గ్లాసెడు పాలు నిలువవచ్చును. తినువాడు తాను ఏది శరీరముకొరకు చేయుచున్నాడో, ఏది ఆత్మకొరకు చేయుచున్నాడో కలిపివేయక చెప్పగలుగవలెను. సడలింపును ముందుగా చెప్పవలెను. తన పథ్యపు బరువు ఇంకొకరి మనస్సాక్షిమీద పడుచున్నదా అని వంటయింటివైపు ఒకసారి తొంగి చూడవలెను. మన కుటుంబములవారు ఈ పర్యూషణమునకు ముందే ఇంటిల్లిపాది కూర్చుండి ఈ సంగతి మాట్లాడుకొందురుగాక.